ఒప్పందం పెళ్లి కథలో కారణం తీరిపోయిన రోజు ఏమి జరగాలి?

వెన్నెల రాత అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పధ్నాలుగేళ్ల వయసు నుంచి ఒప్పందం పెళ్లి కథలు చదువుతున్నాను. ఏదో ఒక అవసరం కొద్దీ ఇద్దరు అపరిచితులు పెళ్లి చేసుకుంటారు. ఒకే కప్పు కింద రెండు గదుల్లో ఉంటారు. గుమ్మం దగ్గర ఎదురుపడితే తప్పుకుని దారి ఇచ్చుకుంటారు. ఆ మర్యాద మెల్లగా ఇష్టమవుతుంది. ఈ వరస నాకు కంఠస్థం, అయినా ప్రతిసారీ మొదటిసారి చదివినట్టే చదువుతాను. మామూలు ప్రేమకథలో ముందు ప్రేమ పుడుతుంది, అలవాట్లు తర్వాత బయటపడతాయి. ఇక్కడ అలవాట్లే ముందు. నిద్ర లేచాక అతను ఎంతసేపు మాట్లాడకుండా ఉంటాడో, ఒంట్లో బాగోలేకపోతే ఎవరికీ చెప్పకుండా ఎలా ముడుచుకుని పడుకుంటాడో ఆమెకు ముందే తెలిసిపోతుంది. అన్నీ తెలిశాక వచ్చిన ప్రేమ కాబట్టి దాని మీద నాకు నమ్మకం ఎక్కువ.

రెండేళ్లుగా నేనూ అలాంటి నవల ఒకటి రాస్తున్నాను. ముప్ఫై అధ్యాయాలు అనుకున్నాను, ఇరవై రెండు రాసి ఆగిపోయాను. కథ క్లుప్తంగా చెబుతాను.

జానకి అక్క, బావ ఒకే ప్రమాదంలో పోయారు. వాళ్ల ఆరేళ్ల పాప మిగిలింది. పాపను తనకు అప్పగించమని జానకి కోర్టుకు వెళ్లింది. బావగారి అన్న కూడా వెళ్లాడు. ఆయనకు సొంత ఇల్లు ఉంది, భార్య ఉంది, ఇద్దరు పిల్లలు ఉన్నారు. జానకి ఒంటరిగా అద్దె గదిలో ఉంటుంది. బావకు స్నేహితుడైన మాధవ్, "కాగితం మీద పెళ్లి చేసుకుందాం, మా ఇంట్లో ఉండండి" అంటాడు. మూడు పేజీల ఒప్పందం రాసుకుంటారు. కోర్టు నిర్ణయం వచ్చిన ముప్ఫై రోజుల్లోపు జానకి, పాప వేరే ఇంటికి మారాలని అందులో చివరి షరతు.

పందొమ్మిదో అధ్యాయంలో పాపను జానకికే అప్పగిస్తూ కోర్టు ఉత్తర్వు వస్తుంది. ఆ కవరు మాధవ్ చేతికి అందుతుంది. అతను చదివి, మడిచి, బల్ల సొరుగులో పెట్టేస్తాడు. మూడు వారాలు చెప్పడు. ఆ మూడు వారాల మీద మూడు అధ్యాయాలు రాశాను. నవల మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైనవి అవే. పాపకు సైకిలు నేర్పడం, కరెంటు పోయిన రాత్రి ముగ్గురూ మేడ మీద పడుకోవడం, అన్నీ అక్కడే ఉన్నాయి. ఇవన్నీ త్వరలో పోతాయని అతని ఒక్కడికే తెలుసు కాబట్టి ప్రతి చిన్న విషయమూ అతని కళ్లకు వెలిగిపోతూ కనిపిస్తుంది.

నా రాతప్రతిని మొదట చదివే స్నేహితురాలు అక్కడే చదవడం ఆపేసింది. "అతను చేసింది దొంగతనం. ఇక వీళ్లిద్దరూ కలిసినా నాకు సంతోషం కలగదు" అంది. ఆమె మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు.

అడగదలచుకున్నవి రెండు. పాఠకులు క్షమించేలా ఆ దాపరికాన్ని రాయవచ్చా? రెండోది చిన్నదిగా కనిపిస్తుంది గాని నన్ను ఎక్కువ బాధపెడుతోంది. వీళ్లిద్దరూ మొదటి నుంచీ "మీరు" అనుకుంటారు. "నువ్వు" ఎప్పుడు అనాలి? ఇంగ్లిషు నవలల్లో ఈ సమస్య లేదు, అందరికీ ఒకటే మాట. మనకు ప్రతి క్రియా బయటపెట్టేస్తుంది. "వచ్చారా" అన్నా, "వచ్చావా" అన్నా అక్కడే దొరికిపోతాం. నాలుగు చోట్ల పెట్టి చూశాను, నాలుగూ కొట్టేశాను.

పాత అలమార జవాబు

వెన్నెల రాత గారూ, మీ స్నేహితురాలితో నేను ఏకీభవిస్తాను. అయితే ఆ మూడు అధ్యాయాలను పారేయమని మాత్రం చెప్పను.

నేను ఈ కథలు నలభై ఏళ్లుగా చదువుతున్నాను. మధ్యలో కూలిపోయే వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట కూలుతాయి. ఇద్దరినీ కలిపి ఉంచిన కారణం తీరిపోగానే రచయితకు భయం వేస్తుంది. వెంటనే ఒక అబద్ధమో, అపార్థమో, దాచిన కాగితమో తెచ్చి దాని కింద ఆసరాగా పెడతారు. తీరిపోయిన కారణం స్థానంలో దొంగ కారణం వస్తుంది. నాకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కారణం అందరి కళ్ల ముందు తీరిపోవాలి. ఇక కలిసి ఉండక్కర్లేదని ఇద్దరికీ తెలియాలి. ఆ తర్వాత వాళ్లు ఏమి చేస్తారో చూడటానికే కదా పద్దెనిమిది అధ్యాయాలు ఓపిక పట్టాం.

ఈ పనిని నేను చదివినవాటిలో అందరికన్నా ధైర్యంగా చేసింది ఇంగ్లిషు రచయిత్రి జార్జెట్ హేయర్, 1961లో వచ్చిన 'ఎ సివిల్ కాంట్రాక్ట్'లో. అంతకు ఇరవై ఏడేళ్ల ముందు, 1934లో, ఆవిడే 'ద కన్వీనియెంట్ మేరేజ్' రాశారు. అందులో పదిహేడేళ్ల అమ్మాయి, అక్కకు ఇష్టం లేని సంబంధం తప్పించడానికి, అక్కకు బదులు తనను చేసుకోమని ఆ పెద్దమనిషినే స్వయంగా వెళ్లి అడుగుతుంది. అది పరుగులు తీసే కథ. 1961 నాటి నవల అలా పరుగెత్తదు. తండ్రి మిగిల్చిన అప్పుల్లో మునిగిన ఆడమ్, ఎస్టేటు నిలుపుకోవడానికి ధనిక వర్తకుడి కూతురు జెన్నీని చేసుకుంటాడు. అతని మనసు మాత్రం జూలియా అనే మరో అమ్మాయి మీద. ఆ సంగతి జెన్నీకి తెలుసు. జెన్నీ అతన్ని ముందు నుంచే ప్రేమిస్తోందన్నది అతనికి తెలియదు. ఆమె ఒక్కసారీ చెప్పదు. అతని సౌకర్యం కనిపెట్టి చూసుకుంటూ ఉంటుంది.

మీ ప్రశ్నకు అవసరమైన భాగం ఇప్పుడు వస్తుంది. 1815లో నెపోలియన్‌తో జరిగిన వాటర్లూ యుద్ధంలో ఓడిపోయామన్న పుకార్లతో లండన్‌లో అందరూ కంగారుపడి ప్రభుత్వ రుణపత్రాలు అమ్ముకుంటుంటే, వెల్లింగ్టన్ సైన్యంలో పనిచేసిన ఆడమ్ తన పాత సేనాధిపతి మీద నమ్మకంతో వాటిని కొంటాడు. గెలుపు వార్త వచ్చేసరికి ధనవంతుడవుతాడు. ఇక మామగారి డబ్బుతో పని లేదు. ఏ కారణంతో పెళ్లి జరిగిందో ఆ కారణం ఒక్క రోజులో పోయింది. హేయర్ దాన్ని దాచలేదు. అతను జెన్నీతోనే ఉంటాడు, ఆమె దగ్గర తనకు ఉన్నది ఏమిటో అతనికి అప్పటికి అర్థమైంది కాబట్టి. గుండెలు పగిలే ప్రకటనలు ఉండవు. అందుకే చాలామందికి ఆ నవల చప్పగా అనిపిస్తుంది. నేను మూడుసార్లు చదివాను. మూడోసారి చదివినప్పుడు నాకు పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆ చివరి పేజీల్లో ఎంత ప్రేమ ఉందో అప్పుడు కనిపించింది.

"నువ్వు" గురించి నా అభిప్రాయం: ప్రేమ చెప్పే సన్నివేశంలో మాత్రం పెట్టకండి. అక్కడ అందరూ పెడతారు, పాఠకులు ముందే కాచుకుని ఉంటారు. తొందరలో జారనివ్వండి. పాపకు అర్ధరాత్రి జ్వరం ఎక్కువైనప్పుడు "నువ్వు తలుపు తియ్యి, నేను ఎత్తుకుంటాను" అని ఎవరో ఒకరు అనేయాలి. తెల్లవారాక మళ్లీ "మీరు కాసేపు పడుకోండి" అనుకోవాలి. ఇద్దరూ గమనించాలి, ఎవరూ ఎత్తకూడదు.

చట్టం చదివిన చదువరి జవాబు

నాకు కథలన్నా ఇష్టమే, చట్టమన్నా ఇష్టమే. అందుకని మొదట ఒక అభ్యంతరం చెబుతాను, కోపగించుకోకండి. ఆ కవరు మాధవ్‌కు ఎందుకు వచ్చింది?

అర్జీ పెట్టింది జానకి. నిర్ణయం వెలువడితే మొదట తెలిసేది ఆమె తరఫు న్యాయవాదికి. ఆయన ఆ పూటే ఆమెకు ఫోను చేస్తాడు. అవతలి పక్షానికీ అదే రోజు తెలుస్తుంది. బావగారి అన్న ఓడిపోయానని తెలిసి మూడు వారాలు మాట్లాడకుండా కూర్చుంటాడా? అందుకని ఆ సొరుగు ఒక్క సాయంత్రం కూడా నిలవదు. నీతి సంగతి తర్వాత, అసలు అలా జరగడానికే వీలు లేదు.

ఇంకొకటి. పిల్లల సంరక్షణ తగాదాల్లో కోర్టులు ముందు చూసేది పిల్లల మేలు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక కూడా అదే చెబుతుంది. తన విషయంలో తన అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లలకు ఉందని కూడా అందులో ఉంది. పెళ్లి కాలేదన్న ఒక్క కారణంతో జానకి ఓడిపోవాలని లేదు. ఇది మీ కథకు నష్టమని అనుకోకండి. చట్టం ఆమెను పెళ్లికి బలవంతపెట్టడం లేదు, ఆమె భయమే బలవంతపెడుతోంది. ఓడిపోతానేమో అన్న భయంతో చేసుకున్న పెళ్లి, చట్టం కోసం చేసుకున్న పెళ్లి కన్నా మనిషికి దగ్గరగా ఉంటుంది.

ఈ రకం కథల్లో చట్టం తప్పులు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే అసలు చట్టంలోనే అంతకన్నా మంచి కథ ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల ఇంగ్లండ్ కథల్లో "మనం భార్యాభర్తల్లా ఉండకపోతే ఏడాది తర్వాత పెళ్లి రద్దు చేయించుకోవచ్చు" అని ఒప్పందం చేసుకుంటారు. అప్పట్లో అది కుదరదు. దాంపత్యానికి అసమర్థత ఉంటే రద్దు చేసేవారు గాని, ఇష్టం లేక దూరంగా ఉండటం కారణం కాదు. ఉద్దేశపూర్వకంగా నిరాకరించడం రద్దుకు కారణమైంది 1937 చట్టంతో. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే 1857 దాకా పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయించుకోవాలి. అంటే ఆ రోజుల్లో "కొద్దికాలం పెళ్లి" అన్న మాటే లేదు. సంతకం పెడితే జన్మంతా. ఆ సంగతి తెలిసి రాస్తే మొదటి రాత్రి ఆ గదిలో నిశ్శబ్దం ఎంత బరువుగా ఉంటుందో ఆలోచించండి.

అలాగే తన ఆస్తి తన చేతికి రావాలని పెళ్లాడే నాయిక. 1882 చట్టానికి ముందు ఇంగ్లండులో ముందుగా ట్రస్టు ఏర్పాటు రాయించుకోకపోతే, పెళ్లితో భార్య ఆస్తి మీద అధికారం భర్తకు పోయేది. ఆమె డబ్బు కోసం పెళ్లాడి, ఆ డబ్బును అతని చేతిలో పెడుతోందన్నమాట. ఆ నమ్మకమే ఒక నవల.

దీనికి ఎదురుగా మరొకటి. 1850లో అమెరికాలో ఆరెగన్ భూదాన చట్టం వచ్చింది. ఆ భూమి అంతకుముందు అక్కడి మూలవాసులది, అది మరచిపోకూడదు. ముందుగా వచ్చి స్థిరపడిన తెల్లజాతి పురుషుడికి 320 ఎకరాలు, పెళ్లయితే దంపతులకు 640. అందులో సగం భార్య పేరునే. 1851 డిసెంబరు 1 లోపు పెళ్లి చేసుకున్నా చాలు. పెళ్లిళ్లు ఎంత హడావిడిగా జరిగి ఉంటాయో చెప్పనక్కర్లేదు. చాలా చిన్న వయసు ఆడపిల్లలకు కూడా చేసేశారు. ఈ కథల్లో నాయికకు ఎప్పుడూ ఇరవై నాలుగేళ్లు ఉంటాయి, చరిత్రలో అలా ఉండలేదు.

మన కాలానికి వస్తే, అమెరికా పౌరులను పెళ్లాడి అక్కడ నివాస హక్కు పొందే కథలు. 1986 చట్టం ప్రకారం కొత్తగా పెళ్లైనవాళ్లకు మొదట రెండేళ్ల షరతుతోనే ఆ హక్కు ఇస్తారు. ఆ గడువు తీరే ముందు ఇద్దరూ కలిసి మళ్లీ అర్జీ పెట్టాలి. పెళ్లి బూటకమని రుజువైతే ఐదేళ్ల దాకా జైలు, రెండు లక్షల యాభై వేల డాలర్ల దాకా జరిమానా. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, మంచానికి ఎవరు ఏ పక్కన పడుకుంటారని అడిగే సన్నివేశం ఈ కథల్లో నవ్వు కోసం రాస్తారు. ఆ గదిలో కూర్చున్నవాళ్లకు నవ్వు రాదు.

మీ ఒప్పందంలో నాకు ఇంకొక లోటు కనిపించింది. జానకికి పాప దక్కుతుంది. మాధవ్‌కు దక్కేది ఏమిటి? ఒకరు ఇస్తూ ఒకరు పుచ్చుకుంటూ ఉంటే అది ఒప్పందం కాదు, ఉపకారం. ఉపకారం చేసినవాడిని ప్రేమించడానికీ, అతని రుణం తీర్చుకోవడానికీ తేడా పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

వెన్నెల రాత జవాబు

కోపం ఎందుకు వస్తుందండి! మీ మొదటి ప్రశ్న చదివి కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. ఇన్నాళ్లూ ఆ కవరు ఎవరి పేరున వచ్చిందో నేనే ఆలోచించలేదు.

మాధవ్‌కు దక్కేదాని గురించి. అది నా మనసులో ఉంది, కాగితం మీదికి రాలేదు. అతని తల్లి పోయి ఎనిమిది నెలలు. సాయంత్రం పూట ఆ ఇంటి తాళం తీసి చీకట్లోకి ఒక్కడే అడుగుపెట్టలేకపోతున్నాడు. పని అయిపోయినా తొమ్మిది దాకా బయటే తిరుగుతాడు. తను వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరు దీపం వేసి ఉండాలి, అంతే అతనికి కావలసింది. సిగ్గుపడి చెప్పలేదు. మూడు పేజీల ఒప్పందంలో అది లేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది రెండో అధ్యాయంలోనే పాఠకుడికి తెలియాలి, జానకికి మాత్రం చాలా తర్వాత తెలియాలి.

పాత అలమార గారూ, అందరి కళ్ల ముందు తీరిపోవాలన్న మీ మాటను కాగితం మీద రాసి గోడకు అంటించాను.

సున్నా నుంచి అనంతం జవాబు

నేను ప్రేమకథలు తక్కువ చదువుతాను. గణితం చెబుతాను. ఈ చర్చ మా అమ్మాయి చూపించింది. చదివాక ఒక నిజమైన పెళ్లి గుర్తొచ్చింది, అది చెప్పకుండా ఉండలేను.

1860లలో రష్యాలో ఆడపిల్లలను విశ్వవిద్యాలయాల్లో చేర్చుకునేవారు కాదు. చదువుకోవడానికి విదేశం వెళ్లాలంటే తండ్రి అనుమతో భర్త అనుమతో కావాలి. తండ్రులు ఒప్పుకోరు. అందుకని కొత్త భావాలున్న యువకులు ఆ అమ్మాయిలకు సాయం చేయడానికి కాగితం పెళ్లి చేసుకునేవారు. దానికి అక్కడ పేరే ఉంది, "కల్పిత వివాహం" అని. 1863లో రష్యన్ రచయిత చెర్నిషెవ్‌స్కీ రాసిన 'ఏమి చేయాలి?' నవలలో వేరా పావ్లొవ్నా ఇంటి పోరు తప్పించుకోవడానికి అలాంటి పెళ్లే చేసుకుంటుంది. ఆ నవల చదివి ఎంతోమంది ఆ దారి పట్టారు.

సోఫియా కోవలెవ్‌స్కయా అనే గణిత శాస్త్రవేత్త వాళ్లలో ఒకరు. 1868లో, పద్దెనిమిదేళ్ల వయసులో, వ్లదీమిర్ కోవలెవ్‌స్కీని పెళ్లాడింది. మరుసటి ఏడాది ఇద్దరూ దేశం దాటారు. ఆమె హైడెల్‌బర్గ్‌లో చదివింది. తర్వాత బెర్లిన్ వెళ్లింది. అక్కడి విశ్వవిద్యాలయం ఆడవాళ్లను లోపలికి రానిచ్చేది కాదు కాబట్టి గణిత శాస్త్రవేత్త వయర్‌స్ట్రాస్ నాలుగేళ్లు ఆమెకు విడిగా పాఠం చెప్పాడు. 1874లో గాటింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేట్ ఇచ్చింది. పెళ్లి జరిగింది దీనికోసమే. పని అయిపోయింది. పాత అలమార గారి మాటల్లో చెప్పాలంటే కారణం తీరిపోయింది.

వాళ్లు విడిపోలేదు. రష్యాకు తిరిగి వెళ్లి నిజమైన భార్యాభర్తలయ్యారు. 1878లో కూతురు పుట్టింది. ఇక్కడ ఆపేస్తే మీకు కావలసిన నవల అవుతుంది. కానీ జీవితం అక్కడ ఆగలేదు. వ్యాపారాల్లో దెబ్బతిని, అప్పుల్లో కూరుకుపోయి, వ్లదీమిర్ 1883లో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఇద్దరూ దూరమై ఉన్నారు. ఆ తర్వాత ఆమె స్టాక్‌హోమ్ వెళ్లి అక్కడ ఆచార్యురాలైంది. పాక్షిక అవకలన సమీకరణాల మీద ఆమె నిరూపించిన సిద్ధాంతాన్ని నేను ఏటా పిల్లలకు చెబుతాను. ఎప్పుడు చెప్పినా ఆ పెళ్లి సంతకం గుర్తొస్తుంది. అది లేకపోతే ఆమెకు ఆ చదువు దారి తెరుచుకునేది కాదు.

వ్లదీమిర్‌ను "సాయం చేసిన భర్త" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అది నాకు బాధగా ఉంటుంది. అతనూ శాస్త్రవేత్తే. గుర్రాల పరిణామం మీద, శిలాజాల మీద విలువైన పని చేశాడు. మీ మాధవ్‌కు కూడా తనదంటూ ఒక పని ఇవ్వండి. అతను జానకి కథలో కుర్చీలాగా ఉండిపోకూడదు.

అన్ని కాగితం పెళ్లిళ్లూ ప్రేమలోకి రావాలనీ లేదు. ఇంగ్లిషు కవి ఆడెన్ 1935లో జర్మన్ రచయిత్రి ఎరికా మన్‌ను పెళ్లాడింది నాజీల నుంచి ఆమెను కాపాడే బ్రిటిష్ పాస్‌పోర్టు కోసమే. వాళ్లు కలిసి కాపురం చేయలేదు, విడాకులూ తీసుకోలేదు. అది కూడా నాకు ఒక రకంగా అందమైన పెళ్లే.

నిర్మొహమాటం జవాబు

అందరూ జానకి గురించీ మాధవ్ గురించీ మాట్లాడుతున్నారు. పాప గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

మూడు పేజీల ఒప్పందం మీద రెండు సంతకాలు ఉన్నాయి. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఆరేళ్ల పిల్ల, అమ్మానాన్నలు పోయి ఏడాది కూడా కాలేదు. మీరు ఆ పిల్లకు ఒక ఇల్లు చూపించి, సైకిలు నేర్పించి, ముప్ఫై రోజుల్లో ఖాళీ చేయాలన్న షరతు దాచి ఉంచారు. మాధవ్ సొరుగులో కవరు దాచడం గురించి మీ స్నేహితురాలు బాధపడింది. అసలు దాపరికం మొదటి అధ్యాయం నుంచీ ఉంది, ఇద్దరూ కలిసే చేశారు.

నేను కఠినంగా మాట్లాడుతున్నానని తెలుసు. నేను కూడా అలా ఇళ్లు మారుతూ పెరిగిన మనిషిని. నాకు ఏడేళ్లప్పుడు ఒక ఇంట్లో పదకొండు నెలలు ఉన్నాను. ఆ ఇంటి పెద్దావిడ రోజూ నా జడ వేసేది. ఒకరోజు సంచి సర్ది తీసుకెళ్లారు. ఎవరూ ముందు చెప్పలేదు, బాధపడతానని. ముందు తెలిసి ఉంటే ఆవిడ కొంగు పట్టుకుని ఒక్కసారి ఏడ్చి ఉండేదాన్ని. అది కూడా దక్కలేదు.

పిల్లలున్న ఒప్పందం పెళ్లి కథలన్నిటిలోనూ పిల్లలు ఒకటే పని చేస్తారు. ఇద్దరి చేతులు కలుపుతారు, ముద్దు మాటలు చెబుతారు, రాత్రి త్వరగా నిద్రపోతారు. కోర్టు మనిషి వచ్చి పాపను పక్కకు తీసుకెళ్లి "ఇక్కడ నీకు ఎలా ఉంది?" అని అడుగుతుందని చట్టం చదివిన చదువరి గారి జవాబు చదివితే తెలుస్తుంది. అప్పుడు పాప ఏమి చెబుతుంది? ఆ సన్నివేశం మీ రాతప్రతిలో ఉందా? లేకపోతే ఆ మూడు అధ్యాయాలు తీసేసి ముందు అది రాయండి.

పాత అలమార జవాబు

నిర్మొహమాటం గారూ, మీ జవాబు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నలభై ఏళ్లు చదివాను, పిల్లల గురించి ఈ మాట నాకు తట్టలేదు.

వెన్నెల రాత గారూ, జ్వరం రాత్రి గురించి నేను ఇచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. పాపకు జ్వరం తెప్పించి పెద్దవాళ్లను దగ్గర చేయడం కూడా ఆ పిల్లను వాడుకోవడమే.

వెన్నెల రాత జవాబు

పన్నెండు రోజులు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. ఎక్కడికి చేరానో చెబుతాను.

సొరుగు పోయింది. కవరు పోయింది. మేడ మీద రాత్రి, సైకిలు మిగిలాయి గాని అవి పదిహేనో అధ్యాయంలోకి, కోర్టు తీర్పుకు ముందుకు వెళ్లిపోయాయి. అప్పుడు ఏమి జరగబోతోందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. అతని ఒక్కడికే తెలిసినప్పుడు ఉన్న వెలుగు తగ్గుతుందేమోనని భయపడ్డాను. తగ్గలేదు. అందరికీ భయం ఉంది కాబట్టి అందరూ ఆ రాత్రి నక్షత్రాలను కాస్త ఎక్కువసేపు చూశారు.

కోర్టు నుంచి వచ్చిన ఆవిడ పాపతో మాట్లాడే సన్నివేశం రాశాను. పాప ఇల్లు బాగుందని చెప్పదు, పిన్ని మంచిదని కూడా చెప్పదు. "ఇక్కడ నా చెప్పులు పెట్టుకోవడానికి చోటు ఉంది" అంటుంది. నిర్మొహమాటం గారూ, ఆ వాక్యం మీ వల్ల వచ్చింది. రాస్తుంటే మీ పదకొండు నెలలే నా కళ్ల ముందు ఉన్నాయి.

పందొమ్మిదో అధ్యాయంలో ఉదయం పదకొండు గంటలకు న్యాయవాది జానకికి ఫోను చేస్తాడు. సాయంత్రం ఆరు దాకా ఆమె మాధవ్‌కు చెప్పదు. మూడు వారాల దాపరికం ఏడు గంటలైంది, అదీ ఆమెది. ఆ ఏడు గంటల్లో ఆమె ఏమీ చేయదు. ఒప్పందం తీసి చివరి షరతు చదువుతుంది, మళ్లీ పెట్టేస్తుంది. బడి నుంచి పాప రాగానే మొదట పాపకే చెబుతుంది, మనం గెలిచామనీ, ఈ ఇంట్లో ఉండటానికి ముప్ఫై రోజులే ఒప్పుకున్నామనీ. రెండూ ఒకేసారి చెబుతుంది, ఏదీ దాచకుండా. పాప ఏడవదు. ఒక ప్రశ్న అడిగి, చెప్పులు విప్పి వాటి చోట పెట్టి, లోపలికి వెళ్లిపోతుంది.

మాధవ్ ఆ రోజు ఆరు గంటలకే ఇంటికి వస్తాడు. ఈ మధ్య తొమ్మిది దాకా బయట తిరగడం మానేశాడు. దీపం వెలుగుతూ ఉంటుంది.

పాప మొదటి రోజు నుంచీ మాధవ్‌ను "నువ్వు" అంటూనే ఉందని ఇన్నాళ్లూ నేనే గమనించలేదు. ఆరేళ్ల పిల్ల ఇంకెలా అంటుంది? ఆ ఇంట్లో ఆ మాట పదిహేడు అధ్యాయాలుగా తిరుగుతూనే ఉంది. దాన్ని ఎక్కడి నుంచో తేవలసిన పని లేదు. ఆ సాయంత్రం ఇలా రాశాను:

జానకి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. "పాప మనకే వచ్చింది."

అతను సంచి కింద పెట్టాడు. కాసేపు ఆగి, "చాలా సంతోషం. మీరు ఎప్పుడు మారాలనుకుంటున్నారు?" అన్నాడు.

"పాపకు చెప్పాను. అది ఒకటి అడిగింది."

"ఏమని?"

జానకి అతని వైపు చూడలేదు. చెప్పుల వైపు చూస్తూ అంది. "నువ్వు కూడా వస్తావా అని."

అతను ఆ మాటను రెండుసార్లు విన్నట్టు నిలబడ్డాడు, ఒకసారి పాప అడిగినట్టు, ఒకసారి ఆమె అడిగినట్టు.

"వస్తానని చెప్పండి" అన్నాడు.